మాల వేసుకున్నా వదలని దిగులు: తాగుడు, స్వభావం, కాపురం ముడిపడిన ఒక కేసు

మనిషి వయసు 43. గుంటూరు దగ్గరి ఊరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తా. ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను. నేను క్లినికల్ సైకాలజిస్టుని. మాత్రలు, ఇంజెక్షన్ల నిర్ణయాలన్నీ మా సైకియాట్రిస్టువి.

తాగుడు కేసుల్లో "వాడి బుద్ధే అంత" అనే మాట ఇంటివాళ్ల నోట రోజూ వింటాను. అప్పుడప్పుడు మా వృత్తిలోవాళ్ల నోట కూడా, కాస్త శాస్త్రీయమైన భాషలో, అదే మాట వస్తుంది. తాగుతున్న మనిషిని చూసి స్వభావం ఇదీ అని తేల్చేయడం, తాగుతున్నాడు కాబట్టే దిగులుగా ఉన్నాడని సరిపెట్టేయడం, ఈ రెండింటివల్లా ఈయనకు పదేళ్లు పోయాయి.

ఎలా వచ్చారు

డిసెంబరు మొదటి వారంలో, అయ్యప్ప మాల వేసుకున్న రెండో రోజు సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. పీఠం దగ్గర భజనలో కూర్చుని ఉండగా పక్కకు ఒరిగి కొట్టుకున్నారట. అప్పటికి ఆఖరిసారి తాగి దాదాపు 40 గంటలు. మా దగ్గరికి తెచ్చేసరికి ఒళ్లంతా చెమట, చేతులు గ్లాసు పట్టుకోలేనంత వణుకు. మద్యం మానినప్పుడు వచ్చే లక్షణాల తీవ్రతను కొలిచే సీఐడబ్ల్యూఏ స్కేలు మీద 26 వచ్చింది. మూడో రోజు రాత్రి మతి తప్పింది. మంచం నిండా చీమలు పాకుతున్నాయని దులుపుకున్నారు. కాసేపటికి యార్డులో ఉన్నాననుకుని, గోడవైపు చెయ్యి చూపిస్తూ టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నలభై దాకా లెక్కపెట్టి, తప్పిందని మళ్లీ ఒకటి నుంచి. తెల్లారేదాకా అదే.

ఇంట్లోవాళ్లు మాలలో ఏదో అపచారం జరిగిందని భయపడ్డారు. ఆయన తల్లి వరండాలో కూర్చుని చెంపలేసుకుంటూనే ఉంది. గురుస్వామి మర్నాడు వచ్చి మాల తీయించారు. "ఆరోగ్యం కుదుటపడ్డాక మళ్లీ వేసుకుందురుగాని స్వామీ, అయ్యప్ప ఎక్కడికీ పోడు" అన్నారు. ఆ మాట మా మాటలకంటే బాగా పనిచేసింది. తర్వాత చికిత్సలో కూడా ఆ పెద్దమనిషి మాకు చాలా తోడ్పడ్డారు.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. దీక్షల కాలంలో ఇలాంటి కేసులు మాకు కొత్త కాదు. రోజూ, అందులోనూ పొద్దున్న లేవగానే తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే, ఫిట్స్ సాధారణంగా 6 నుంచి 48 గంటల లోపు వస్తాయి. మతి తప్పడం, లేనివి కనిపించడం రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మొదలవుతాయి. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. ఇది దేవుడి కోపం కాదు, మనోబలం లేకపోవడమూ కాదు. ఏళ్ల తరబడి మద్యం మెదడును అణిచి ఉంచితే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మద్యం హఠాత్తుగా తీసేసినా ఆ వేగం వెంటనే తగ్గదు. మాల వేసుకోవాలనుకున్న తాగుడు అలవాటున్నవాళ్లు పది రోజుల ముందే డాక్టరును కలిస్తే ఇదంతా చాలావరకు మాత్రలతో సాఫీగా దాటిపోతుంది.

మెదడు వేగాన్ని తగ్గించే మందుల్లో, కాలేయం దెబ్బతిని ఉంది కాబట్టి దానిమీద భారం తక్కువ పడే లోరజెపామ్ వాడారు. గ్లూకోజ్ ఎక్కించకముందే థయమిన్ (విటమిన్ బీ1) ఇంజెక్షన్లు ఇచ్చారు. విటమిన్ బీ1 కరువైన ఒంట్లోకి ముందు గ్లూకోజ్ వెళ్తే మెదడుకు శాశ్వతంగా నష్టం జరగొచ్చు. ఐదో రోజు ఉదయానికి మతి కుదిరింది. భార్యను చూసి "పిల్లలు బడికెళ్లారా" అని అడిగారు.

కల్లు సంగతి కూడా అడిగాం. తెలంగాణలో కల్తీ కల్లు తాగేవారికి మద్యంతోపాటు అందులో కలిపే ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కూడా అలవాటవుతాయి. అవి ఆపినప్పుడు కనిపించే తీరు వేరు, చికిత్స లెక్క వేరు. ఈయన ఇల్లు, పని అన్నీ గుంటూరు చుట్టుపక్కలే. కల్లు అలవాటు లేదు.

తాగుడు చరిత్ర

పంతొమ్మిదో ఏట స్నేహితులతో మొదటిసారి. ఇరవై ఏడు దాకా పెళ్లిళ్లకూ పండగలకే. యార్డులో చేరాక, సరుకు అమ్ముడుపోయి లెక్కల పట్టీ చేతికొచ్చిన రైతు సంతోషంగా "గుమాస్తా గారూ, రండి" అంటే కాదనలేక వెళ్లడం. ఫిబ్రవరి నుంచి మే దాకా సీజన్లో అది వారానికి మూడు నాలుగు రోజులు. ముప్పై నాలుగేళ్లకు రోజూ. నలభైకి పొద్దున్నే ఒక క్వార్టర్ పడితే తప్ప చేతులు నిలవని స్థితి. వచ్చేనాటికి రోజుకు హాఫ్ దాటింది. తాగుడు ఎంత ముదిరిందో కొలిచే ఆడిట్ ప్రశ్నావళి మీద 40కి 32. అందులో 20 వచ్చినా వ్యసనం ఉందని అనుమానించాలి. తాగుడుతో పెరిగే కాలేయపు ఎంజైము జీజీటీ బాగా పెరిగి ఉంది. కాలేయపు ఎంజైముల్లో ఏఎస్‌టీ, ఏఎల్‌టీకి రెట్టింపు పైన, ఇది కాలేయాన్ని మద్యం దెబ్బతీసిందనడానికి గుర్తు. స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టి ఉంది.

తండ్రి సారా తాగేవాడు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చినప్పుడు ఈయనకు పన్నెండేళ్లు. ఊళ్లో సారా కొట్టు మూసేసిన రోజు అమ్మ పాయసం వండిందని చెప్పారు. తండ్రి నాటుసారాకు మళ్లాడు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. తండ్రి తాగుడు మాత్రం ఎక్కడా ఆగలేదు. ఈయనకు ఇరవయ్యో ఏట కామెర్లు ముదిరి చనిపోయాడు.

ఆ తర్వాత జరిగింది ఈ కేసుకు ఆయువుపట్టు. తండ్రి పోయాక మూడు నెలలకు పైగా కాలేజీకి వెళ్లలేదు. స్నానం చేయమంటే చేయడం, తినమంటే రెండు ముద్దలు తినడం. ఒక మధ్యాహ్నం ఊరి దిగుడుబావి గట్టుమీద కూర్చుని ఉంటే పశువులు తోలుకెళ్తున్న ముసలాయన కేకేసి ఇంటికి తీసుకొచ్చాడు. డిగ్రీ రెండో ఏడాదితో చదువు ఆగింది. అప్పటికి ఈయనకు తాగుడు అలవాటు కాలేదు. "నాన్న పోయాడని బెంగ పెట్టుకున్నాడు" అని అందరూ అనుకున్నారు. ఎవరూ డాక్టరుకు చూపించలేదు.

దిగులు ఎక్కడిది?

మతి కుదిరిన రెండు రోజులకు, దిగులు తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు చదివి వినిపించాను. 27కి 21. నిద్ర లేదు, ఆకలి లేదు, ఏడుపు, దేనిమీదా మనసు లేదు, "నా బతుకు ఎందుకు" అన్న మాట.

ఈ దశలో వచ్చిన స్కోరును బట్టి డిప్రెషన్ అని రాసెయ్యకూడదు. మద్యమే మెదడును కుంగదీస్తుంది, మానిన మొదటి వారాల్లో అది ఇంకా కనిపిస్తుంది. శాండ్రా బ్రౌన్, మార్క్ షుకిట్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో చికిత్సకు చేరిన 191 మంది మగవాళ్లను వారం వారం పరీక్షించారు. చేరినప్పుడు 42 శాతం మందిలో గట్టి డిప్రెషన్ లక్షణాలున్నాయి. నాలుగు వారాలు తాగకుండా ఉన్నాక అది 6 శాతానికి పడిపోయింది. దాదాపు నెల రోజులు మద్యం లేకుండా చూసి గాని ఇది స్వతంత్రమైన డిప్రెషనా, మద్యం తెచ్చిన డిప్రెషనా అని తేల్చవద్దని, మానసిక రోగాల నిర్ధారణకు మేం వాడే డీఎస్ఎం-5 పుస్తకం చెప్పేదీ ఇందుకే.

అయితే ఆగమన్నారు కదా అని ఊరుకుంటే సరిపోదు. ఆ నాలుగు వారాల్లో చేయాల్సిన పని ఒకటుంది, అది వెనక్కి వెళ్లి వెతకడం. ఈ మనిషి ఇంతకుముందు ఎప్పుడైనా నెల రోజులకు పైగా తాగకుండా ఉన్నాడా? ఉంటే అప్పుడు ఎలా ఉన్నాడు?

మన దగ్గర ఈ ప్రశ్నకు జవాబు దొరకడం చాలామందిలో కష్టం కాదు. ఈయన అంతకుముందు రెండుసార్లు మాల వేసుకున్నారు, 36వ ఏట, 38వ ఏట. అప్పటికి పొద్దున తాగుడు లేదు కాబట్టి రెండు మూడు రోజులు వణుకుతో గడిచిపోయింది. మొత్తం 41 రోజులు చుక్క ముట్టలేదు. అంటే పుస్తకం అడిగే నెల రోజులకంటే ఎక్కువే. భార్య దగ్గర కూర్చుని ఆ దీక్షలను రోజువారీగా గుర్తుచేసుకోమన్నాను. మొదట "బాగానే ఉన్నాడు మేడమ్, తాగలేదు కదా" అంది. ఆమె దృష్టిలో బాగుండటమంటే తాగకపోవడమే. నెమ్మదిగా అడుగుతూ పోతే అసలు సంగతి బయటికొచ్చింది. పొద్దున్నే చన్నీళ్ల స్నానానికి నాలుగున్నరకు లేవాలి. ఈయన మూడింటికే లేచి చీకట్లో అరుగుమీద కూర్చునేవారు. దీక్షలో ఒంటిపూట భోజనం. ఆ ఒక్క పూటా విస్తరిలో సగం మిగిలేది. భజనలో అందరూ శరణుఘోష చెబుతుంటే ఈయన పెదవులు కదిలేవి కావు. ఇంటికొచ్చి మాట్లాడేవారు కాదు. ఇవన్నీ నియమనిష్ఠలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. "మా బావ భలే నిష్ఠగా చేశాడని ఊరంతా చెప్పుకున్నారు మేడమ్" అంది.

ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న కూతురు ఒక్కతే వేరేగా చూసింది. ఆ అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి అడిగితే ఇలా చెప్పింది: "నాన్న తాగితే అరుస్తాడు. అది మాకు అలవాటే. తాగని రోజు మాత్రం గోడ వంక చూస్తూ కూర్చుంటాడు. పిలిస్తే పలకడు. నాకు అప్పుడే ఎక్కువ భయమేసేది."

నాలుగో వారానికి పీహెచ్‌క్యూ-9 స్కోరు 13కు దిగింది. ఏడుపు, చిరాకు, ఒంటి నీరసం తగ్గాయి, ఆకలి కుదిరింది. ఏం మిగిలిందో చూస్తే మాకు సందేహం లేకపోయింది. తెల్లవారుజాము మూడింటికి మెలకువ, పొద్దున పూట ఎక్కువగా ఉండి సాయంత్రానికి కాస్త తగ్గే దిగులు, పిల్లల మార్కులు చెప్పినా కలగని సంతోషం, "నేను లేకపోతే వీళ్లు సుఖపడతారు" అన్న ఆలోచన. ఇరవయ్యో ఏట తాగుడు అలవాటు లేనప్పుడు వచ్చింది ఇదే, మాల రోజుల్లో వచ్చింది ఇదే. స్కోరు బాగా తగ్గింది కదా, ఇంకో నెల చూద్దాం అనడానికి వీల్లేదు.

ఆత్మహత్య గురించి మాత్రం ఏ వారం కోసమూ ఆగలేదు. మతి కుదిరిన రోజే సూటిగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగితే చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. కిందటి వానాకాలం ఒక రాత్రి తాగి వచ్చి, పెరట్లో పురుగుల మందు డబ్బా మూత తీసి, వాసన చూసి మళ్లీ పెట్టేశానని చెప్పారు. ఆ సాయంత్రమే అన్నగారితో మాట్లాడి ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ పొలం దగ్గరి తాళం వేసే గదికి తరలించాం. తాళంచెవి అన్నగారి దగ్గర. మిర్చి పండించే ఊళ్లలో ఇది చాలా చిన్న పని, చాలా ప్రాణాలు నిలిపే పని. రాత్రివేళ ఎవరూ దొరకకపోతే చేయమని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 భార్య ఫోనులోనూ, ఆయన ఫోనులోనూ ఎక్కించాం.

స్వభావం

మొదటి వారం ఇంట్లోవాళ్లు చెప్పిన జాబితా: అబద్ధాలకోరు, స్వార్థపరుడు, ముక్కోపి, బాధ్యత లేనివాడు. "పౌరుషం లేని మనిషి" అని అన్నగారు చేర్చారు. ఆ వారం వ్యక్తిత్వ పరీక్ష చేసి ఉంటే ఫలితం కూడా అలాగే వచ్చేది. క్వార్టర్ దొరకడం కోసం అబద్ధం ఆడటం, దొరకనప్పుడు కోపం రావడం మద్యం చేయించే పనులు. హార్వర్డ్‌లో జార్జ్ వైలంట్ నడిపిన, వందల మంది మగవాళ్లను కుర్రతనం నుంచీ దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనంలో తేలిందీ ఇదే. తాగుడుకు కారణమని అందరూ అనుకున్న పరాధీనత, కుంగుబాటు వంటి లక్షణాలు చాలావరకు తాగుడు మొదలయ్యాక వచ్చినవే. "తాగుబోతు వ్యక్తిత్వం" అని ఒకటి విడిగా ఉండదు.

అలాగని స్వభావానికి పాత్రే లేదని కాదు. ఆరో వారం తర్వాత అయిదు అంశాల వ్యక్తిత్వ ప్రశ్నావళిని తెలుగులో చదివి వినిపిస్తూ, స్కోరుకంటే ఆయన ఇచ్చిన ఉదాహరణలకే ఎక్కువ విలువ ఇచ్చాను. చిన్న విషయానికే లోపల కలత, ఇతరుల మనసు నొప్పించకూడదన్న తపన, గుంపులో బెరుకు, తప్పు చేశానన్న భావం ఎప్పటికీ వదలకపోవడం. యార్డులో ఎవరితోనూ గట్టిగా మాట్లాడింది లేదు. పాత గుమాస్తా పనిని కూడా తన నెత్తిన వేసుకుని చేసేవారు. అప్పడిగితే లేదనలేరు. బంధువుల పెళ్లిలో నలుగురి మధ్య మాట్లాడాలంటే అరచేతులు తడిసిపోతాయి. రెండు పెగ్గులు పడ్డాక ఆ బెరుకు పోయేది. "తాగితేనే నాకు నోరు లేస్తుంది మేడమ్. తాగకపోతే నేనక్కడ ఉన్నట్టే ఎవరికీ తెలియదు." మొహమాటంతో మొదలైన తాగుడు, మొహమాటం వల్లే మానలేని తాగుడు అయింది.

1981లో స్వీడన్ దత్తత రికార్డుల ఆధారంగా సైకియాట్రిస్టు రాబర్ట్ క్లోనింజర్ బృందం తాగుడును రెండు రకాలుగా విభజించింది. ఒకటి ఇరవై అయిదు దాటాక మెల్లగా ముదిరేది. భయం, అపరాధభావం, ఇతరుల మెప్పు కోసం తపన ఉన్నవారిలో కనిపిస్తుంది. రెండోది తండ్రి నుంచి కొడుక్కి బలంగా దిగి, చిన్న వయసులోనే మొదలై, దూకుడు, కొత్త ఉత్సాహాల వెంట పరుగు, పోలీసు గొడవలతో సాగేది. నిజ జీవితంలో మనుషులు ఇంత చక్కగా రెండు గదుల్లో సర్దుకోరు. ఈయనకు తండ్రి నుంచి వారసత్వం బలంగా ఉంది, అయినా తీరు మాత్రం మొదటిదే. ఆ తేడా తెలియడం వల్ల ఒక ఉపయోగం కలిగింది. ఇలాంటి మనిషిని సిగ్గుపడేలా చేసి మాన్పించాలని చూస్తే ఇంకా తాగుతాడు. అన్నగారు పదేళ్లుగా నలుగురిలో పెట్టి తిట్టిన తిట్లన్నీ అలాగే పనిచేశాయి.

మాల ఎందుకు పనిచేసేదో కూడా దీంతో అర్థమైంది. నల్లబట్టలు వేసుకున్న మనిషికి ఎవరూ గ్లాసు అందించరు. ఆయన నోరు తెరిచి వద్దనాల్సిన పని లేదు. అందరూ "స్వామీ" అని పిలుస్తారు, గౌరవిస్తారు. సాయంత్రం వెళ్లడానికి ఒక చోటు, కూర్చోవడానికి పదిమంది తోడు. నలభై రెండో రోజున ఇవన్నీ ఒకేసారి పోయేవి. రెండుసార్లూ శబరిమల నుంచి దిగొచ్చిన వారంలోనే మళ్లీ మొదలైంది.

ఇల్లు

భార్య మేనమామ కూతురు. పెళ్లయి 18 ఏళ్లు. ఆమెకు భర్త అంటే చిన్నప్పటి నుంచీ తెలిసిన బావ, అందుకే కోపం కూడా రెండింతలు. ఏటీఎం కార్డు ఆమె దగ్గరే. ఇంటికి రాగానే నోటి వాసన చూడటం, జేబులు, బండి డిక్కీ వెతకడం, మధ్యాహ్నం నుంచి గంటకోసారి ఫోన్. మర్నాడు ఆయన లేవలేకపోతే వ్యాపారికి ఫోన్ చేసి "జ్వరమండీ" అని చెప్పేదీ ఆమే, బెల్టు షాపు బాకీ తీర్చేదీ ఆమే. ఆమె అడగడం, ఆయన అబద్ధం చెప్పడం, ఆమె వెతికి పట్టుకోవడం, ఆయన తల దించుకోవడం, ఆ అవమానం మింగడానికి మళ్లీ బయటికి పోవడం. ఏళ్లుగా ఇద్దరూ ఇందులోనే తిరుగుతున్నారు.

రెండేళ్ల కిందట ఎవరో చెబితే "తాగుడు మాన్పించే పొడి" తెచ్చి కూరలో కలిపింది. ఆ సాయంత్రం తాగొచ్చి తిన్న ఆయనకు మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. ఆ పొడి డైసల్ఫిరామ్ అయి ఉండే అవకాశం ఎక్కువ. అది మద్యం విచ్ఛిన్నమయ్యే దారిని మధ్యలో అడ్డుకుని, ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం ఒంట్లో పేరుకునేలా చేస్తుంది. తెలిసి, ఒప్పుకుని, పర్యవేక్షణలో వాడేవాళ్లకు అది మంచి మందే. తెలియకుండా పెడితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇక్కడ ఒంటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది కాపురం. ఆ రోజు నుంచి ఈయన ఇంట్లో కూర ముట్టడం మానేసి, పెరుగన్నమే తినేవారు. చికిత్సలో చేరిన మొదటి వారంలో కూడా ఆమె "కలిపే మందు ఏదైనా ఇవ్వండి మేడమ్" అని అడిగింది. ఇవ్వమని, ఎందుకివ్వమో ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాం.

తల్లి సంగతి వేరు. పొద్దున కొడుకు చేతులు వణుకుతుంటే చూడలేక, పింఛను డబ్బులోంచి రెండొందలు చేతిలో పెట్టేది. "వాళ్ల నాన్న కూడా ఇట్టాగే వణికేవాడమ్మా" అంది నాతో.

భార్యను విడిగా అడిగినప్పుడు, తాగిన మత్తులో రెండుసార్లు కొట్టారని చెప్పింది. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే ముందు ఇది తెలుసుకోవడం తప్పనిసరి. హింస తీవ్రంగా, నడుస్తూ ఉంటే జంట చికిత్స ఆమెకే ప్రమాదం. ఇక్కడ అలా లేదు. 2005 గృహహింస చట్టం గురించి, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు గురించి చెప్పి పెట్టాం. పీహెచ్‌క్యూ-9 ఆమెకూ చేశాను. 16. ఇన్నేళ్లలో ఎంతోమంది డాక్టర్ల దగ్గరికి భర్తను తీసుకెళ్లిన ఆమెను, "నువ్వెలా ఉన్నావమ్మా" అని ఎవరూ అడగలేదు. ప్రశ్నలు సగంలో ఉండగా "ఇవి నాక్కూడానా మేడమ్?" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆమెకు విడిగా సెషన్లు మొదలుపెట్టాం.

చికిత్స

నాలుగో వారంలో కాలేయపు ఎంజైములు దిగొచ్చాక సైకియాట్రిస్టు డిప్రెషన్‌కు సెర్ట్రాలిన్, తాగాలన్న కోరిక తగ్గడానికి నాల్ట్రెక్సోన్ రెండూ మొదలుపెట్టారు. ముందు తాగుడు సంగతి చూద్దాం, దిగులు తర్వాత అనే పద్ధతికి మేం ఒప్పుకోం. 2010లో హెలెన్ పెట్టినాటి బృందం డిప్రెషన్, మద్య వ్యసనం రెండూ ఉన్న 170 మందిపై 14 వారాల పరీక్ష చేసింది. ఈ రెండు మందులూ కలిపి తీసుకున్నవారిలో 53.7 శాతం మంది మద్యం ముట్టకుండా ఉండగలిగారు. ఒక్కో మందు విడిగా తీసుకున్నవారిలో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 21 నుంచి 28 శాతం మధ్యే.

జంట చికిత్సలో రోజువారీ ఒప్పందం ఒకటి ఉంటుంది. రోజూ ఒకే వేళకు భర్త "ఈ రోజు తాగలేదు, రేపూ తాగకూడదనే ఉన్నాను" అని చెప్పి, భార్య ఎదుట మాత్ర వేసుకోవాలి. ఆమె కృతజ్ఞతలు చెప్పాలి. ఇక ఆ రోజంతా తాగుడు ఊసు, పాత తప్పుల ఊసు ఎత్తకూడదు. మా గదిలో సాధన చేయించినప్పుడు ఆయన చెప్పేశారు. ఆమెకు మాత్రం నోరు రాలేదు. మొగుడికి థాంక్స్ చెప్పడం మన ఇళ్లలో లేని అలవాటు, పైగా పద్దెనిమిదేళ్ల కోపం గొంతులో ఉంది. ఆ పుస్తకపు మాట తీసేశాం. మంచినీళ్ల గ్లాసు ఆమె చేతులతో ఇచ్చి "సరే బావా" అంటే చాలన్నాం. అది కుదిరింది. రాత్రి భోజనం ముందు, వంటింటి గడప దగ్గర, రోజూ. మూడో వారంలో ఆయన కూర వడ్డించుకున్నారని ఆమే ఫోన్ చేసి చెప్పింది. గంటకో ఫోన్ మధ్యాహ్నం ఒక్కదానికి తగ్గింది. వ్యాపారికి అబద్ధం చెప్పడం, బాకీలు తీర్చడం ఆపేసింది. బెల్టు షాపు బాకీ ఆయనే వెళ్లి కట్టి వచ్చారు.

ఆయనతో విడిగా చేసిన పని అంతా వద్దనడం గురించే. మొదట "ఇంజెక్షన్ల మీదున్నానని చెప్తాను" అన్నారు. అబద్ధం ఒక్క సీజనే నిలుస్తుంది. చివరికి ఆయనే ఒక మాట కుదుర్చుకున్నారు: "మానేశానన్నా, నాకు సోడా చెప్పు." నేను రైతునై బతిమాలాను, అలిగాను, ఎగతాళి చేశాను. ఆ ఒక్క మాటే మూడుసార్లు చెప్పి లేచి వెళ్లిపోయేదాకా సాధన. వ్యాపారితో ఆయనే మాట్లాడి, సాయంత్రం పట్టీలు రాసే పని వదిలి పొద్దున తూకాల పనికి మారారు. జీతం కొంచెం తగ్గింది. ఊళ్లో సాయంత్రాలు ఖాళీగా ఉంటే ప్రమాదమని గురుస్వామి పీఠం నిర్వహణ లెక్కలు ఆయనకు అప్పగించారు, మాలతో పని లేకుండా ఏడాది పొడవునా.

పదో వారానికి పీహెచ్‌క్యూ-9 స్కోరు 8.

మార్చి

సీజన్ నడుమ భార్య పుట్టింట్లో శుభకార్యానికి వారం రోజులు వెళ్లింది. గడప దగ్గరి ఒప్పందం ఆగింది, దాంతో మాత్రలూ ఆగాయి. నాలుగో రోజు పాత పరిచయస్తుడు మంచి ధర వచ్చిందని లాక్కుపోతే తాగారు. "ఎలాగూ చెడింది కదా" అని మర్నాడూ తాగారు. ఒక్క తప్పటడుగు పూర్తి పతనంగా మారేది ఈ ఆలోచన దగ్గరే. సైకాలజిస్టు అలన్ మార్లట్ మద్య వ్యసనంలో దీన్ని వివరంగా గుర్తించారు. తడబడితే ఏం చేయాలో ముందే కాగితం మీద రాసి జేబులో పెట్టించాం: మిగిలింది పారబోయడం, ఫలానా నంబరుకు చేయడం, మర్నాడు పొద్దున్నే రావడం. మూడో రోజు పొద్దున వచ్చారు. వణుకు పెద్దగా లేదు, చేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. భార్యకు తనే చెబుతానన్నారు. ఇన్నేళ్లలో తాగిన సంగతి అడగకుండానే ఆయన నోటితో ఆమెకు చెప్పడం అదే మొదటిసారి. ఆమెకు కోపం వచ్చింది, తిట్టింది, కానీ జేబులు వెతకలేదు.

ఇప్పటి పరిస్థితి

పది నెలలైంది. మార్చి తర్వాత తాగలేదు. జీజీటీ మామూలు స్థాయికి వచ్చింది. ఆయన పీహెచ్‌క్యూ-9 స్కోరు 5, భార్యది 7. నిద్ర అయిదింటి దాకా పడుతోంది. గతంలో ఇలాంటి దఫాలు వచ్చి ఉన్నాయి కాబట్టి సెర్ట్రాలిన్ ఇప్పట్లో ఆపే ఆలోచన లేదు. ఈ ఏడాది మళ్లీ మాల వేసుకోవాలని ఉందన్నారు. మాత్రలు ఆపకూడదని, ఒంటిపూట భోజనం తర్వాత వేసుకోవచ్చని గురుస్వామితో కలిసి మాట్లాడుకున్నాం. ఈసారి ఆయన ఎన్నింటికి లేస్తున్నారో, విస్తరిలో ఎంత వదిలేస్తున్నారో భార్య రాసిపెడుతుంది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి, 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆ ఒక్కరికీ సాధారణంగా అందేది వణుకు తగ్గించడం వరకే. ఈయన కూడా అంతకుముందు రెండు చోట్ల వారం పది రోజులు ఉండి వచ్చినవారే. వణుకు తగ్గగానే ఇంటికి పంపేశారు. ఇరవయ్యో ఏట ఏం జరిగిందని ఎక్కడా అడగలేదు.

ఆయన తల్లితో పని పూర్తి కాలేదు. డబ్బివ్వడం ఆపింది గాని, కొడుకు బరువు తగ్గాడని, మాత్రలే కారణమని గొడవ చేస్తోంది. అన్నగారు రెండు సెషన్లకు వచ్చి మానేశారు. కూతురు తండ్రితో మాట్లాడుతోంది, బైకు మీద కోచింగుకు ఆయనే దింపుతున్నారు. ఆయన కొడుకు తొమ్మిదో తరగతి. మద్య వ్యసనంలో జన్యువుల వాటా సుమారు సగం. ఈ ఇంట్లో తాత, తండ్రి అయ్యాక ఇది మూడో తరం. పైగా తండ్రిలాగే నలుగురిలో నోరు మెదపని పిల్లాడు. క్లాసులో ఎవరైనా అడిగితే పెన్నులన్నీ ఇచ్చేసి రోజూ కొత్తది కొనిపించుకుంటాడని వాళ్లమ్మ చెప్పింది. వచ్చే నెల వాడితో విడిగా కూర్చుంటున్నాను.